రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకే బండి: సస్పెన్షన్ పనులు ఏ వరుసలో చేయించాలి

కడపలో బయల్దేరి రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై చేరాలి. అక్కడ మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో పగలంతా తిరిగి, రాత్రికి అదే బండిలో ఇంటికి రావాలి. ట్రాక్ 3.7 కిలోమీటర్లు, నున్నగా ఉంటుంది. మిగతా ఏడాదంతా ఆ బండి తిరిగేది ఎర్రగుంట్ల సిమెంటు లారీలు గాడులు పడేసిన రోడ్ల మీద, జమ్మలమడుగు, మైదుకూరు వైపు నల్లరేగడి మీద. ఎండకు పగిలి వానకు ఉబ్బే ఆ నేల మీద తారు ఎంత బాగా పరిచినా కొన్నాళ్లకు అలలు తేలుతుంది. ఊరికి ముందొకటి, దాటాక ఒకటి స్పీడ్ బ్రేకర్లు ఎలాగూ ఉంటాయి.

అందుకే ఈ ప్లాన్ మొత్తాన్ని ఒక్క కొలత చుట్టూ అల్లుకోవాలి. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు, బంప్ స్టాప్ (షాకు అడుగంటకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేలోపు చక్రం ఇంకా ఎన్ని మిల్లీమీటర్లు పైకి లేవగలదన్నదే ఆ కొలత. దాన్నే ఇక్కడ ట్రావెల్ అంటున్నాం. బండిని దించిన ప్రతి మిల్లీమీటరూ అందులోంచే పోతుంది. ట్రావెల్ అయిపోయిందంటే ఎంత ఖరీదైన షాక్ అబ్జార్బరున్నా బండి ఆ కాస్త రబ్బరు ముక్క మీద నడుస్తున్నట్టే.

ఇక్కడి లెక్కలన్నీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసిన కాలు), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే దూలం) ఉన్న బండికి వేసినవి. స్విఫ్ట్, బలెనో, పోలో, ఐ20 అన్నీ ఈ కోవలోవే.

ముందు ఉన్నదాన్ని బాగుచేయండి

యాభై, అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి కొత్త స్ప్రింగులు వేయించే ముందు బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలోని రబ్బర్లు చూడాలి. జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ గానీ, వీల్ బేరింగ్ గానీ పోయినట్టు. రెండు పక్కలా పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ అనుమానించాలి. తర్వాత చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ వెనక బుష్‌ను టార్చి వేసి చూడండి. రబ్బరు లోహం నుంచి విడిపోయి నెలవంక ఆకారంలో సందు కనిపిస్తే మార్చేయాలి. ఈ ఒక్క బుష్ పోతే బ్రేకు కొట్టినప్పుడు టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారిపోతుంది. అప్పుడు ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా నిలవదు.

స్ట్రట్ టాప్ మౌంట్ సంగతి తేల్చుకోవాలంటే ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా ఇంకొకరు స్ప్రింగు మీద చెయ్యి ఆనించి ఉంచాలి. స్ప్రింగు సాఫీగా తిరగకుండా టక్కుమని జారితే బేరింగు పట్టేసినట్టే. లింక్ రాడ్లు ఖరీదు తక్కువ, చప్పుడు ఎక్కువ. అనుమానముంటే జతగా మార్చేయడమే మేలు.

ట్రాక్‌కు వెళ్లే బండికి టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్ సస్పెన్షన్ కంటే ముందు రావాలి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. రెండేళ్ల పాత ఫ్లూయిడ్‌తో ట్రాక్ మీదికి వెళ్తే పెడల్ నేలకంటుతుంది. ఆ స్థితిలో సస్పెన్షన్ ఎంత బాగున్నా అక్కరకు రాదు.

బండిని కాటా వేయించండి

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారుల్లో రాళ్ల లారీలకూ సిమెంటు లారీలకూ వేబ్రిడ్జీలు ఉన్నాయి. స్ప్రింగు ఎంచుకోవడానికి అంతకంటే పనికొచ్చే సాధనం మన దగ్గర లేదు. సగం ట్యాంకు పెట్రోలుతో, డ్రైవరు సీట్లో మీరే కూర్చుని, ముందు రెండు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి అంకె రాసుకోండి. తర్వాత బండంతా ఎక్కించి మొత్తం రాసుకోండి. అందులోంచి ముందు బరువు తీసేస్తే వెనక బరువు వస్తుంది. కాటా పళ్లెం, పక్కన దారి ఒకే ఎత్తులో ఉన్న చోటునే ఎంచుకోండి. లారీల కాటా ఐదేసి, పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది. మన పనికి అది చాలు.

ఉదాహరణకు మొత్తం 1130 కిలోలు, ముందు 700, వెనక 430 అనుకుందాం. ఒక్కో ముందు చక్రం మీద 350. అందులో చక్రం, హబ్, బ్రేకులు కలిపి సుమారు 35 కిలోలు స్ప్రింగు మీద పడని బరువు. అది పోతే 315. వెనక 215లో 30 తీసేస్తే 185. ఇకమీదట ఈ రెండు అంకెలే పట్టుకోండి.

స్ప్రింగు లెక్క

దుకాణంలో ‘స్పోర్ట్ స్ప్రింగ్’ అన్న మాట విని కొనకండి. రేటు అడగండి. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలన్నదే రేటు. కొన్ని పెట్టెల మీద కిలోలలో ఉంటుంది, దాన్ని 9.81తో గుణిస్తే న్యూటన్లు వస్తాయి. రేటు చెప్పలేని స్ప్రింగు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఎంత రేటు కావాలో ఫ్రీక్వెన్సీ చెబుతుంది. స్ప్రింగు మీద బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నదే అది. కంపెనీ నుంచి వచ్చిన మామూలు హ్యాచ్‌బ్యాక్ 1.3 హెర్ట్జ్ ఇటూ అటూ ఉంటుంది. రోడ్డూ ట్రాకూ రెండూ చూసే బండికి 1.6 నుంచి 1.8 మధ్య సరిపోతుంది. 2 దాటితే ట్రాక్ మీద హాయి. ప్రొద్దుటూరు వెళ్లొచ్చేసరికి మాత్రం నడుం పట్టేస్తుంది, గతుకుల్లో చక్రం నేలను వదిలేస్తుంది.

లెక్క ఇది: ఫ్రీక్వెన్సీని 6.28తో గుణించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, ఆ చక్రం దగ్గర స్ప్రింగు మీద పడే బరువుతో గుణించి, వెయ్యితో భాగించాలి. ముందు 1.7 హెర్ట్జ్ కావాలంటే 6.28 × 1.7 = 10.68. దాని వర్గం 114. 315తో గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 36. అంటే చక్రం దగ్గర మిల్లీమీటరుకు 36 న్యూటన్ల రేటు కావాలి. 1.3 దగ్గర కంపెనీ ఇచ్చినది ఇదే లెక్కలో 21 ఉంటుంది.

చక్రం దగ్గరి రేటూ స్ప్రింగు రేటూ ఒకటి కావు. చక్రం ఒక మిల్లీమీటరు కదిలితే స్ప్రింగు ఎంత కదులుతుందో ఆ నిష్పత్తికి వర్గం కట్టి భాగించాలి. స్ట్రట్‌లో ఆ నిష్పత్తి సుమారు 0.95, వర్గం 0.9. కాబట్టి 36 ÷ 0.9 = 40. నాలుగు కిలోల స్ప్రింగు అన్నమాట.

వెనక ఫ్రీక్వెన్సీ ముందుకంటే కాస్త ఎక్కువ పెడతారు. గతుకు ముందు చక్రానికి ముందే తగులుతుంది కాబట్టి, వెనక భాగం కొంచెం వేగంగా ఊగితేనే రెండూ కలిసి సర్దుకుంటాయి. 1.9 దగ్గర 185 కిలోలకు 26 వస్తుంది. టార్షన్ బీమ్‌లో స్ప్రింగు సాధారణంగా చక్రం కంటే ముందుకు, బుష్‌కు దగ్గరగా కూర్చుంటుంది. బండి కింద టేపు పట్టి కొలవండి. బుష్ నుంచి స్ప్రింగు మధ్యకు 380 మి.మీ., చక్రం మధ్యకు 460 మి.మీ. ఉంటే నిష్పత్తి 0.83, వర్గం 0.68. 26.4 ÷ 0.68 = 39. తేలికైన వెనక భాగానికీ నాలుగు కిలోల స్ప్రింగే పడింది చూడండి. ఈ నిష్పత్తి చూడకుండా ‘వెనక తేలికే కదా, రెండు కిలోలు చాలు’ అనుకుంటే, ఇంటిల్లిపాదీ ఎక్కిన రోజు వెనక భాగం బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. వెనక ఇద్దరు కూర్చుని, డిక్కీలో సామాను పెడితే ఒక్కో వెనక చక్రం మీద 75 కిలోలు పెరిగాయనుకోండి. ఈ 26 రేటుతో కూడా వెనక 28 మి.మీ. దిగుతుంది. దించే ఎత్తు నిర్ణయించేటప్పుడు ఈ 28 గుర్తుండాలి.

ఎంత దించాలి

ముందు మీ బండికి ఇప్పుడున్న ట్రావెల్ కొలవండి. స్ట్రట్ మీది డస్ట్ బూటును పైకి జరిపి, షాక్ రాడ్డుకు సన్నని జిప్ టై ఒకటి చుట్టండి. వేలితో జరిగేంత బిగువు చాలు. దాన్ని షాక్ ఒంటికి ఆనించి, మీరు రోజూ తిరిగే దారిలో రోజూ పోయే వేగంతోనే వెళ్లిరండి. ఇరవై కిలోమీటర్లు చాలు, అందులో రెండు మూడు పెద్ద స్పీడ్ బ్రేకర్లు ఉండాలి. తిరిగొచ్చాక సమమైన నేల మీద ఆపి చూడండి. షాక్ ఒళ్లు టైని పైకి నెట్టి వదిలేసి ఉంటుంది. ఒంటికీ టైకీ మధ్య దూరమే మీరు వాడిన ట్రావెల్. టై వెళ్లి బంప్ స్టాప్‌కు ఒత్తుకుని ఉంటే బండి అడుగంటినట్టే, దించడానికి అక్కడ జాగా లేదు. కొలత అయ్యాక బూటును మళ్లీ కిందికి లాగడం మరిచిపోకండి. మన దుమ్ము సీలును తినేస్తుంది.

అలా 55 మి.మీ. వచ్చిందనుకుందాం. స్ప్రింగును 21 నుంచి 36కు పెంచితే మలుపులో, బ్రేకులో నిలకడగా పడే బరువుకు 55 × 21 ÷ 36, అంటే 32 మి.మీ. చాలు. ఇది చూసి 23 మి.మీ. దించొచ్చని సంబరపడకూడదు. గుంతలో పడిన దెబ్బకు లెక్క వేరు. అక్కడ స్ప్రింగు మింగాల్సింది శక్తిని. నిష్పత్తికి వర్గమూలం కట్టాలి, అప్పుడు 42 మి.మీ. కావాలి. అంటే 13 మి.మీ. దించేదాకా భయం లేదు, 20 ఆఖరి హద్దు. దుకాణాల్లో దొరికే 35, 40 మి.మీ. దింపుడు స్ప్రింగులు మన జిల్లాకు పనికిరావు. దించిన బండి ఫోటోలో ఎంత బాగున్నా ఈ మాటలో మార్పు లేదు.

ఎక్కువ దించడంలో ఇంకో చిక్కుంది. లోయర్ ఆర్మ్ చక్రం వైపుకు పైకి వాలే స్థితి వస్తే, బండి బరువు కేంద్రం దిగిన దానికంటే రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) ఎక్కువగా దిగిపోతుంది. ఫలితంగా మలుపులో బండి మరింత ఒరగాలని చూస్తుంది. ఒరిగినప్పుడు చక్రానికి రావాల్సిన నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) కూడా తగ్గుతుంది. టై రాడ్ వాలు మారి, గతుకు మీద స్టీరింగు దానంతట అదే లాగుతుంది. దించాక బండి ముందు నుంచి చూస్తే ఆర్మ్ నేలకు సమాంతరంగానో, చక్రం వైపు కాస్త కిందికి వాలో ఉండాలి.

షాక్ అబ్జార్బర్లు

డబ్బు ఒక్క చోటే ఎక్కువ పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. పాత షాకుల మీద గట్టి స్ప్రింగు వేస్తే, స్ప్రింగు తిరగబడే జోరును అవి ఆపలేవు. బండి బంతిలా ఎగురుతుంది.

కంపెనీ ఎత్తుకూ దించిన ఎత్తుకూ షాకులు వేరు. బిల్‌స్టీన్ బ్రాండు షాకుల్లో బి6 కంపెనీ ఎత్తుకు, బి8 దించిన స్ప్రింగులకు పొట్టిగా చేసినది, బి14 ఒంటి మీది మరలతో ఎత్తు మార్చుకునే కాయిలోవర్ (షాకూ స్ప్రింగూ కలిసిన సెట్టు). మన రోడ్లకు కంపెనీ ఎత్తు షాకూ, లెక్క ప్రకారం ఎంచుకున్న స్ప్రింగూ, 15 మి.మీ. దింపూ చాలామందికి సరిపోయే జోడి. కాయిలోవరే కావాలనుకుంటే, స్ప్రింగు సీటుతో కాకుండా కింది బ్రాకెట్ దగ్గర ఒంటి పొడవుతోనే ఎత్తు మారే రకం తీసుకోండి. అందులో ఎత్తు మార్చినా స్ట్రోకు తగ్గదు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు సీటులో వదులు కాకూడదు. వదులైతే ఆ సందు నింపే మెత్తని హెల్పర్ స్ప్రింగు పెట్టించాలి. లేకపోతే స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు స్ప్రింగు పక్కకు జరిగి సీటు అంచు మీద కూర్చుంటుంది.

ఒకే గుండీ ఉన్న షాకుల్లో అది ఎక్కువగా రీబౌండ్‌నే, అంటే ముడుచుకున్న షాకు తిరిగి తెరుచుకునేటప్పటి బిగువునే మారుస్తుంది. పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టండి. నాలుగు చక్రాల అంకెలూ ఒక చీటీ మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. రీబౌండ్ అతిగా బిగిస్తే ఏమవుతుందో నల్లరేగడి రోడ్డు చూపిస్తుంది. మొదటి అలకు షాకు ముడుచుకుంటుంది, పూర్తిగా తెరుచుకోకముందే రెండో అల వస్తుంది. మూడు నాలుగు అలలకు బండి మెల్లగా కిందికి కూరుకుపోయి బంప్ స్టాప్ మీద దబ్‌మంటుంది. చాలామంది ఇది చూసి స్ప్రింగు మెత్తగా ఉందనుకుని ఇంకా గట్టిది వేయిస్తారు. దానికంటే ముందు రీబౌండ్‌ను రెండు క్లిక్కులు వదిలి, అదే దారిలో అదే వేగంతో మళ్లీ వెళ్లి చూడండి.

యాంటీ రోల్ బార్

ఎడమ, కుడి చక్రాలను కలిపి మలుపులో ఒరుగుడు తగ్గించే కడ్డీ ఇది. దీన్ని ఆఖరున పెట్టుకోండి. ముందు చక్రాలతో నడిచే బండి ముందు భాగం మలుపులో బయటికి జారుతుంది. వెనక బార్ గట్టిపడితే అది తగ్గుతుంది. బార్ బిగువు వ్యాసానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. కాబట్టి 20 మి.మీ. లావున్న, లోపల గుల్ల లేని బార్ తీసి 22 వేస్తే పది శాతం కాదు, 46 శాతం గట్టిపడుతుంది. వానలో ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే వెనక భాగం పక్కకు తిరిగే ప్రమాదమూ పెరుగుతుంది. స్ప్రింగులూ షాకులూ అలైన్‌మెంటూ అయ్యాక ఒక ట్రాక్ రోజు చూసి, అప్పటికీ ముందు భాగం జారుతుంటేనే కొనండి. గువ్వలచెరువు ఘాటును దేనికీ పరీక్ష మైదానంగా వాడకండి. లారీలు దిగే దారి అది.

బిగించే రోజు

స్ప్రింగు కంప్రెసర్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, చేతి పానాతో మార్చి మార్చి కొన్ని చుట్ల చొప్పున బిగించండి. ఇంపాక్ట్ గన్ను వాడకూడదు. స్ప్రింగు కొసకు ఎదురుగా మొహం పెట్టకూడదు. స్ట్రట్ పై నట్టును కూడా గన్నుతో తిప్పితే లోపల రాడ్డు గిరగిరా తిరిగి, కొత్త షాకు సీలు మొదటి రోజే దెబ్బతింటుంది. రాడ్డును అలెన్ కీతో పట్టి, నట్టును పానాతో తిప్పమనండి. స్ట్రట్ విప్పాక హబ్‌ను బ్రేక్ హోసు మీద వేలాడనివ్వకండి, తీగతో కట్టండి. ఏబీఎస్ వైరు క్లిప్పు మళ్లీ దాని చోటులోకే వెళ్లాలి.

ఎక్కువ గ్యారేజీల్లో జరిగే తప్పు ఇంకొకటుంది. లోయర్ ఆర్మ్, టార్షన్ బీమ్ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు ఆ గొట్టం ఉన్నచోటే బిగిసిపోతుంది, ఆపైన కదలికంతా రబ్బరు మెలి తిరగడమే. బండి లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి ఆ మెలికలోనే ఎప్పటికీ ఉండిపోతుంది. అలా కొత్త బుష్ కొద్ది నెలలకే చిరుగుతుంది, బండి ఎత్తు కూడా కాస్త ఎక్కువ చూపిస్తుంది. బోల్టులు వదులుగా పెట్టి బండి దించండి. లేదా హబ్ కింద జాకీ పెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు ఉండాల్సిన ఎత్తు వచ్చేదాకా లేపండి. అప్పుడు మాన్యువల్‌లోని టార్కుకు బిగించండి. పోలో లాంటి బండ్లలో కొన్ని బోల్టులు ఒక్కసారికే పనికొస్తాయి, కొత్తవి ముందే తెప్పించుకోవాలి. వంద కిలోమీటర్ల తర్వాత అన్నీ మరోసారి చూడాలి.

అలైన్‌మెంట్

టైరు గాలి సరిచేసి, డ్రైవరు సీట్లో మీ బరువు పెట్టి, జాకీ దించాక బండిని కొంచెం ముందుకూ వెనక్కూ నడిపి చేయించండి. వరుస ముందు క్యాంబర్, తర్వాత టో. క్యాంబర్ మారిస్తే టో మారుతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖరునే.

రోడ్డుకు ముందు క్యాంబర్ మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు, మొత్తం టో సున్నా నుంచి 2 మి.మీ. లోపలికి. ట్రాక్‌కు మైనస్ 2.5 దాకా, టో సున్నా. టైరు అరుగుదలకు జనం క్యాంబర్‌ను తిడతారు గానీ, ఎక్కువ తినేది తప్పు టోనే. ఒకటిన్నర డిగ్రీ దాకా సన్న క్యాంబర్ బోల్టులతో వస్తుంది. అంతకుమించి కావాలంటే స్ట్రట్ పైకొసను లోపలికి జరిపే క్యాంబర్ ప్లేట్లు. ఇనుప గోళీ బేరింగు ఉన్న ప్లేట్లు మన దుమ్ముకు త్వరగా చప్పుడు మొదలుపెడతాయి, రబ్బరు మౌంటు ఉన్న రకం చూసుకోండి.

ప్లేట్లుంటే అలైన్‌మెంట్ మెషీన్ మీదే రెండు స్థానాలూ పెట్టించండి. రోడ్డు స్థానానికి తెల్ల గీత, ట్రాక్ స్థానానికి పసుపు గీత పెయింట్ పెన్నుతో గీయండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినప్పుడు టో సరిచేయడానికి టై రాడ్‌ను చుట్టులో ఎన్ని ఆరో వంతులు, ఎటు తిప్పాలో రాసుకోండి. పిట్‌లో పది నిమిషాల పని అవుతుంది. వెనక టార్షన్ బీమ్‌కు సర్దుబాటు ఉండదు, తేడా ఉంటే హబ్ వెనక పెట్టే పలుచటి రేకులు, షిమ్ములే దారి. ఎత్తు మారింది కాబట్టి హెడ్‌లైట్ల వాలు కూడా ఆ రోజే సరిచేయించండి.

ట్రాక్ రోజు

గాలి వేడెక్కాక చూసేదే లెక్క. మామూలు రోడ్డు టైర్లకు వేడి మీద 34 నుంచి 36 పి.ఎస్.ఐ. లక్ష్యంగా పెట్టుకుని, చల్లగా ఉన్నప్పుడు 28, 30 దగ్గర మొదలుపెట్టండి. పిట్‌లో ఆగిన వెంటనే కొలిచి, ఎక్కువైనది తీసేయండి. టైరు భుజం మీద సుద్దతో అడ్డగీత గీసి వెళ్లండి. గీత అంచు దాటి పక్కగోడ మీద కూడా చెరిగితే గాలి గానీ, క్యాంబర్ గానీ తక్కువ. సవ్యదిశలో తిరిగే ట్రాక్‌లో ఎడమ ముందు టైరు మీదే భారమంతా, ముందు దాన్నే చూడండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి.

తిరుగు ప్రయాణానికి ముందు క్యాంబర్ తెల్ల గీతకు, టో దాని చోటుకు, గాలి డోరు స్టిక్కరు మీది అంకెకు రావాలి. ట్రాక్ మీద తీసిన గాలితోనే రేణిగుంట దారి పడితే, చల్లబడ్డ టైరులో గాలి 30 కంటే తక్కువే ఉంటుంది. సామానుతో, హైవే వేగంతో టైరు పక్కగోడ కాలిపోవడానికి అదే కారణం. చక్రాల నట్లు టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. పోలోకు 120 న్యూటన్ మీటర్లు, మిగతావాటికి మాన్యువల్ చూడండి.

మామూలు మోటారు పాలసీలో రేసులు, వేగ పరీక్షలు కవరు కావు. ట్రాక్ మీద జరిగిన నష్టం మీదేనని లెక్కేసుకునే వెళ్లండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యే మార్పులను ఒప్పుకోదు. చేసిన మార్పులు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, రసీదులు, అలైన్‌మెంట్ చీటీలు ఒకే ఫైల్లో ఉంచండి.

కొత్త స్ప్రింగులు మొదటి అయిదొందల కిలోమీటర్లలో కొన్ని మిల్లీమీటర్లు కుదురుకుంటాయి. అప్పుడు నాలుగు చక్రాల దగ్గరా ఫెండర్ ఎత్తు మళ్లీ కొలిచి, జిప్ టై మళ్లీ కట్టి, అదే ఇరవై కిలోమీటర్ల దారిలో వెళ్లిరండి. బంప్ స్టాప్‌కు ముందు టై 10 మి.మీ. ఎడంగా ఆగితే ఆ ఎత్తు మీ దారికి సరిపోయినట్టు. అంతకంటే తక్కువుంటే 5 మి.మీ. పైకి లేపి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి.